చెయ్యి పెట్టనన్న పున్నమ్మ

వ్యవసాయ శాఖలో చేరిన మూడో ఏడు, అంటే 1981లో, అద్దంకి చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లు నాకు అప్పగించారు. సైకిలు వెనక తెగుళ్ల బొమ్మల చార్టు చుట్టి కట్టుకుని, రోజుకో ఊరు తిరిగేవాణ్ణి. మిర్చి ఆకు అడుగున తెల్లటి బూడిద కనపడితే ఏ మందు కొట్టాలి, కాయ మీద నల్లమచ్చ పడి కుళ్లుతుంటే ఏ మందు కొట్టాలి, లీటరు నీళ్లకి ఎన్ని గ్రాములు వెయ్యాలి, అన్నీ నోటికి వచ్చు. ఆ మందు ఎవరు కలుపుతారన్నది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

తాటిగుంటపాలెంలో కలిపేది పున్నమ్మ.

అప్పటికి ఆమెకి నలభై దగ్గరపడుతున్నాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. భర్త దానయ్య ఎద్దులబండి తోలేవాడు, మాట తక్కువ. ఊరికి తూర్పున విడిగా, చర్చి పక్క కూలీల పాలెంలో ఇల్లు. చిన్నప్పుడు ఆదివారం బడిలో బైబిలు చదవడానికని అక్షరాలు నేర్చుకుంది. ఆ సంగతి ఊళ్లో రైతులెవరికీ తెలీదు. తెలుసుకోవాలని వాళ్లకి అనిపించలేదు.

మిరప చేలకి మందు కొట్టే రోజుల్లో పున్నమ్మా, మరో ఎనిమిది మంది ఆడవాళ్లూ కూలికి వెళ్లేవాళ్లు. వాగులోంచి కడవలతో నీళ్లు మోసి డ్రమ్ము నింపాలి. పసుపుపచ్చ పొడిని బకెట్లో వేసి, కాసిని నీళ్లు పోసి, ఉండలు లేకుండా చేత్తో జావలా పిసకాలి. ఆ జావ డ్రమ్ములో గుమ్మరించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాలి. మగవాళ్లు స్ప్రేయర్లు వీపున వేసుకుని చేలోకి పోతారు. కర్రతో కలిపితే పొడి అడుగున పేరుకుంటుందనీ, పేరుకుంటే స్ప్రేయరు ముక్కు మూసుకుపోతుందనీ రైతుల మాట. అందుకని చేతులే. పని అయ్యాక వాగులో కడుక్కుని, అదే చేత్తో సద్ది తినేవాళ్లు.

ఆ ఏడు కార్తీకంలో పున్నమ్మ కూతురు దేవకుమారి మొదటిసారి ఆ పనికి వెళ్లింది. దానికి పదిహేడేళ్లు. పేరయ్యగారి ఆరెకరాల చేలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మందు కలిపింది. మర్నాటికి మోచేతుల దాకా ఎర్రగా పొక్కి, మూడో నాటికి తోలు ఊడి వచ్చింది. చెమట తుడుచుకున్నప్పుడు కంటికి తగిలినట్టుంది, రెండు కళ్లూ వాచి మూతపడ్డాయి. దానయ్య బండి కట్టి మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి నర్సమ్మ ఆ పిల్ల చేతులు చూసి, తల్లి చేతులు కూడా చాపమంది. పున్నమ్మ చేతులు అప్పటికే నాలుగేళ్లుగా పగుళ్లు బారి, గోళ్లు పసుపురంగుకి తిరిగి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? నీకు నెప్పి లేదా?" అని అడిగిందట నర్సమ్మ.

"ఉంది. అందరికీ ఉంటదిగా అనుకున్నా," అంది పున్నమ్మ.

ఈ మాట తనే నాకు చెప్పింది, చాలా రోజుల తర్వాత. చెబుతూ నవ్వలేదు, ఏడవలేదు. "ఆ మాట నా నోట్లోంచి వచ్చినాక నామీద నాకే కోపం వచ్చింది సారూ" అంది.

దేవకుమారి కళ్లు బాగయ్యాయి. పదిహేను రోజులు గడిచాయి. పేరయ్య చేనుకి మళ్లీ మందు వేళ వచ్చింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పేరయ్య పెద్ద ఆసామి కాదు గానీ, ఊళ్లో మాట చెల్లుబాటయ్యే మనిషి. మూడేళ్ల కిందట కాయకుళ్లు తగిలి చేను మొత్తం పోయింది. అప్పటి నుంచి మచ్చ కనపడితే చాలు, మందు డబ్బా తెరిచేవాడు. నాకు ఆయన ఆదర్శ రైతు. మా పై అధికారుల్ని ఆయన చేలోకే తీసుకొచ్చి చూపించేవాణ్ణి.

ఆడవాళ్లు నీళ్లు పోశారు. డ్రమ్ము నిండింది. పేరయ్య పొడి సంచీ విప్పి బకెట్లో వేశాడు. పున్నమ్మ కడవ కింద పెట్టి, చేతులు పైటలో చుట్టుకుని నిలబడింది.

"ఏమ్మే, కానివ్వండి. ఎండెక్కుతంది," అన్నాడు పేరయ్య.

"నీళ్లు మోస్తామండి. చెయ్యి మాత్రం పెట్టం."

పేరయ్యకి ముందు అర్థం కాలేదు. "చెయ్యి పెట్టకపోతే ఎట్టా కలుస్తదే?"

"కర్ర పెట్టి కలపండి."

"ఉండలు కడతది. ముక్కులు మూసుకుపోతయ్యి. నీకు తెలీదా? నాలుగేళ్ల నించి కలుపుతున్నావు."

"నాలుగేళ్లు కలిపా కాబట్టే చెప్తన్నానయ్యా. మీకు చేత్తోనే కలవాలంటే మీ చెయ్యి పెట్టుకోండి."

స్ప్రేయరు తగిలించుకుంటున్న తోమా అనే కుర్రాడు ఒక పట్టీ భుజం మీద, ఒక పట్టీ చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పేరయ్య మొహం కందగడ్డ అయింది. నా వైపు తిరిగాడు.

"సార్, మీరు చెప్పండి. ఇది విషమా? మీరేగా కొట్టమంది?"

"జాగ్రత్తలు తీసుకుంటే ఏం కాదు... చేతికి గుడ్డ చుట్టుకుంటే..." అన్నాను.

పున్నమ్మ నన్ను చూసింది. ఆమె నాతో అన్న మొదటి మాట ఇది: "మీరు ఎప్పుడన్నా చుట్టుకున్నారా సారూ?"

ఆ పూట తొమ్మిది మంది ఆడవాళ్లూ కడవలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. పేరయ్య పక్క ఊరి నుంచి కూలీలను పిలిపించుకున్నాడు. పున్నమ్మని పనికి పిలవొద్దని మిగతా రైతులకి చెప్పాడు. రెండు వారాల్లో మిగిలిన ఎనిమిది మందిని మళ్లీ పిలిచారు గానీ, ఆమెని పిలవలేదు. ఆ ఎనిమిది మందీ వెళ్లారు. వెళ్లక తప్పదు. పున్నమ్మ వాళ్లని ఒక్క మాట అనలేదు.

పున్నమ్మ వాళ్లకి వాగు ఒడ్డున ఎకరం ఇరవై సెంట్ల బంజరు పట్టా ఉండేది. అందులో జొన్నో సజ్జో చల్లుకునేవాళ్లు. తర్వాతి ఏడు వానలు పడగానే, ఆ నేలలో మిరప వేస్తానని ఆమె ప్రకటించింది. తెగులు మందు చుక్క కూడా వాడనని దానికి తోక తగిలించింది. ఊరంతా నవ్వింది. మిరప అంటే రైతులే భయపడే పంట. అందులోనూ ఆ చేను పేరయ్య చేనుకి గట్టు పక్కనే.

నేనూ వెళ్లి చెప్పాను. మందు లేకుండా మిరప కుదరదమ్మా, నష్టపోతావు అన్నాను.

"పోతే నా చేను పోద్ది. నా చెయ్యి పోదు," అంది.

మొదటి దెబ్బ నారుమడిలోనే తగిలింది. ఆషాఢంలో విత్తనం చల్లింది. మొలకలు చక్కగా వచ్చాయి. నాలుగు రోజులు ముసురు పట్టేసరికి మొదళ్లు మెత్తబడి, దువ్వెనతో పడదోసినట్టు మొలకలన్నీ ఒరిగిపోయాయి. దీన్ని మేము నారుకుళ్లు అంటాం. మూడు రోజుల్లో మడి మొత్తం ఖాళీ అయింది. పేరయ్య గట్టు మీద నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అనకపోవడమే ఎక్కువ అనిపించిందని పున్నమ్మ తర్వాత చెప్పింది.

ఆమె ఆ మడి దగ్గర గొంతుక్కూర్చుని, చచ్చిన మొలకల్ని ఒక్కొక్కటే పీకి చూసింది. పల్లంగా, నీళ్లు నిలిచే వైపు అన్నీ పోయాయి. మెరకగా ఉన్న ఒక మూల మాత్రం యాభై, అరవై మొక్కలు బతికి ఉన్నాయి. ఆ మూలలో ఏముందని ఆలోచించింది. వేసవిలో అక్కడ పత్తికట్టె తగలబెట్టి, అంబలి కుండ కాచుకున్నారు. నేల కాలి, బూడిద పడి ఉంది.

ఆమెకి అది చాలింది. కొత్త చోట జానెడు ఎత్తున మడి కట్టింది. దాని మీద ఎండిన పత్తికట్టె, మిరపకట్టె మందంగా పరిచి తగలబెట్టింది. నేల చల్లారాక, గింజల నూనె తీయగా మిగిలిన వేపచెక్క దంచి మట్టిలో కలిపింది. విత్తనాన్ని బూడిదలో పొర్లించి, ఈసారి చల్లకుండా వేలితో గీతలు గీసి వరసల్లో పలచగా వేసింది. తడి పొద్దున పెట్టేది, సాయంత్రానికి ఆరిపోవాలని. మొలక తల ఎత్తగానే పైన కప్పిన గడ్డి తీసేసింది. ఎవరూ చెప్పలేదు. నా చార్టులో వీటిలో రెండు మూడు ఉన్నాయి గానీ, చివరి వరసలో, చిన్న అక్షరాల్లో. నేను అక్కడి దాకా ఎప్పుడూ చదివి వినిపించలేదు.

ఆ నారు నిలిచింది. నెల ఆలస్యంగా నాటింది.

మార్గశిరం వెళ్లేసరికి చలి ముదిరి, చేలన్నిట్లో బూడిద తెగులు మొదలైంది. ఆకు అడుగున తెల్లటి పొడి, ఆపైన ఆకు పసుపుబారి రాలిపోవడం. పున్నమ్మ చేలోనూ వచ్చింది. ఆమెకి వాళ్లమ్మ గుర్తొచ్చింది. దోసపాదుకి బూడిద పడితే ముసలామె బాగా పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి చల్లేది. పాదుకి పనిచేసింది మిరపకి ఎందుకు చెయ్యదని పున్నమ్మ వాదన. కానీ ఎకరం చేనుకి చాలినంత మజ్జిగ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంట్లో గేదె కూడా లేదు.

మజ్జిగ పేరయ్య ఇంటి నుంచే వచ్చింది. పేరయ్య తల్లి సుబ్బరావమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి. నాలుగు గేదెల పాడి ఆవిడ చేతిలో ఉండేది. పున్నమ్మ పెరటి దడి దగ్గరికి వెళ్లి నిలబడి అడిగింది.

"మీ అబ్బాయికి తెలిస్తే ఊరుకోడు పెద్దమ్మగారూ. తెలిసే ఇవ్వండి, తెలియకుండా వద్దు."

"నా గేదెలు, నా కవ్వం. వాణ్ణి అడిగేదేంటి?" అంది సుబ్బరావమ్మ. "చెట్టుకి మజ్జిగ పోస్తావా? పోసుకో. కుడితిలో పోసే దానికన్నా మేలేగా."

ఆ కాలపు పద్ధతి ప్రకారం ఆవిడ దడి పైనుంచి ఎత్తి, ముంత తగలకుండా పున్నమ్మ కుండలో పోసేది. పున్నమ్మ పట్టుకునేది. ఆ సంగతి చెబుతున్నప్పుడు పున్నమ్మ దాన్ని తక్కువ చేసి చెప్పలేదు. "మజ్జిగ కావాలి కాబట్టి వంగి పట్టుకున్నా" అంది అంతే.

మజ్జిగను కుండల్లో పోసి, ముక్కు మూసుకునేంత పుల్లన అయ్యే దాకా ఉంచేది. మొదట చీపురు ముంచి చల్లింది. పైపైనే పడింది. తెగులేమో ఆకు అడుగున. అద్దంకిలో స్ప్రేయర్లు బాగుచేసే జాన్ బాషా దగ్గరికి నడిచి వెళ్లి, పాత ఇత్తడి స్ప్రేయరు ఒకటి అడిగింది. ఆయన దాన్ని సోడాతో మూడుసార్లు కడిగి ఇచ్చాడు. ఎందుకో అడిగి, విని, పకపకా నవ్వాడు. "నా సర్వీసులో మజ్జిగ కొట్టిన స్ప్రేయరు లేదమ్మా. ముక్కు మూసుకుంటే నా దగ్గరికి రాకు," అన్నాడు. మొదటి రోజే మూసుకుంది. వెన్న రవ్వలు అడ్డం పడ్డాయి. పాత చీర ముక్క రెండు మడతలు వేసి వడగట్టాక సరిపోయింది. దానయ్య స్ప్రేయరు కొడుతుంటే ఆమె ముందు నడుస్తూ కొమ్మలు వంచి, ఆకు అడుగు పైకి తిప్పి పట్టుకునేది. వారానికోసారి అలా చేశారు.

తెగులు పోలేదు. ఆగింది. కొత్త ఆకుకి పాకలేదు. కుళ్లిన కాయని, ఎండిన కొమ్మని చూసినదాన్ని చూసినట్టే కోసి, గంపలో వేసి, చేను బయట కాల్చేసేది. పొద్దున లేస్తే అదే పని.

సంక్రాంతి వెళ్లిన వారానికి పేరయ్య నా గదికి మనిషిని పంపాడు, వెంటనే రమ్మని. సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను. పున్నమ్మ చేను గట్టు మీద పేరయ్య, మరో నలుగురు రైతులు ఉన్నారు. పెట్రోలు స్ప్రేయరు తోమా వీపున ఉంది. మందు డ్రమ్ము సిద్ధంగా ఉంది.

"దీని చేలోంచే నా చేనుకి బూడిద పాకుతంది సార్. రెండు తడవలు కొట్టా, తగ్గలా. ఇవాళ దీని చేనుకి మేమే మందు కొడతాం. మందు మాదే, కూలీ మాదే. మీరు సరే అనండి చాలు," అన్నాడు పేరయ్య. ఆయన గొంతులో పొగరు కంటే భయం ఎక్కువ ఉంది. ఆ చేను పోతే ఆయనకి రెండోసారి పోయినట్టు.

పున్నమ్మ చేను మధ్యలో నిలబడి ఉంది. ఆమెతో దేవకుమారి ఉంది. నేను చూస్తుండగానే పేరయ్య చేలో కాయ కోస్తున్న ఆడవాళ్లు, ఆ ఎనిమిది మందీ, ఒడి దులుపుకుని ఒకరి వెనక ఒకరు గట్టు దాటి వచ్చారు. పున్నమ్మ పక్కన వరసల మధ్య ఎవరికి వాళ్లు కూర్చున్నారు. 

"కొట్టండయ్యా," అంది పున్నమ్మ. "ముందు మామీద కొట్టండి. తడిశాక చెట్టు మీద కొట్టుకోండి."

"లెగవండే! తోమా, ఇంజను ఆడించరా!" అని కేక పెట్టాడు పేరయ్య.

తోమా తాడు లాగాడు. ఇంజను మోత మొదలైంది. స్ప్రేయరు ముక్కు పైకెత్తాడు. ఎదురుగా కూర్చున్న వాళ్లలో వాళ్లమ్మ ఉంది. ఇంజను ఆపి, స్ప్రేయరు దింపి, గట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు. "నావల్ల కాదండి. మీరు కొట్టుకోండి," అన్నాడు. స్ప్రేయరు ముట్టుకోవడానికి మిగతా రైతులెవరూ ముందుకి రాలేదు.

అప్పుడు పున్నమ్మ నన్ను పిలిచింది. "సారూ, మీరు చదువుకున్నోరు. నా చెట్టూ చూడండి, వాళ్ల చెట్టూ చూడండి. చూసి, ఎవరి చేలోంచి ఎవరి చేనుకి పోయిందో చెప్పండి. నేను చేసింది తప్పయితే ఈ చేను నేనే పీకేస్తా."

గంటసేపు చూశాను. రెండు చేలల్లోనూ అటు పది చెట్లు, ఇటు పది చెట్లు, ఆకు తిప్పి చూశాను. పున్నమ్మ చేలో కింది ఆకుల్లో పాత మచ్చలు ఉన్నాయి, పై ఆకు శుభ్రంగా ఉంది. పేరయ్య చేలో మొక్కలు ఎత్తుగా, గుబురుగా ఉన్నాయి, కానీ పై ఆకులో కూడా కొత్త బూడిద ఉంది. గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. పేరయ్య చేను ఉత్తరాన ఉంది. అయినా ఎవరి నుంచి ఎవరికి పోయిందో నిజానికి ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పలేడు.

"ఇది గాలికి వచ్చే తెగులు. ఫలానా చేలోంచి వచ్చిందని చెప్పలేం," అన్నాను.

"రాసివ్వండి."

"ఏంటి?"

"ఆ మాటే కాయితం మీద రాసి సంతకం పెట్టండి. రేపు మీరు ఊళ్లో ఉండరు."

పేరయ్య నన్నే చూస్తున్నాడు. ఆయన ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశానో నాకు గుర్తొచ్చింది. నా సంచీలోంచి కాగితం తీసి, సైకిలు సీటు మీద పెట్టి రాశాను. తెగులు ఫలానా చేను నుంచి వచ్చిందని నిర్ధారించడం సాధ్యం కాదు, హక్కుదారు ఒప్పుకోకుండా ఆ చేలో మందు కొట్టడానికి వీల్లేదు, అని. సంతకం పెట్టి ఇచ్చాను. పున్నమ్మ దాన్ని అందుకుని అక్కడే నిలబడి పైకి చదివింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, చివరి అక్షరం దాకా. ఆమెకి చదవడం వచ్చునని అప్పుడు తెలిసింది అందరికీ. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఆ కాగితం సంగతి మా ఆఫీసుకి చేరింది. సిఫార్సు చేసిన మందుకి అడ్డుపడ్డానని నాకు మెమో ఇచ్చారు. నేను సంజాయిషీ రాశాను. క్షమించమని రాయలేదు. నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

పంట సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ ఏడు పేరయ్యకి ఎకరానికి పది టిక్కీలు, అంటే పది బస్తాల ఎండుమిర్చి, అయ్యాయి. పున్నమ్మకి ఎకరం ఇరవై సెంట్లలో ఏడు అయ్యాయి. ఆలస్యంగా నాటడం వల్ల కొంత, కాయకుళ్లు వల్ల కొంత పోయింది. కాయకుళ్లు మీద మజ్జిగ పనిచెయ్యలేదు. వెల్లుల్లి నూరి కొట్టింది, అదీ అంతంత మాత్రమే. "తక్కువే వచ్చింది. రాలేదని ఎవరికీ చెప్పను, ఎక్కువొచ్చిందనీ చెప్పను. మళ్లీ వేస్తా," అంది.

ఆమె పేరు పైకి వచ్చింది కాయతో కాదు, నారుతో. మరుసటి ఏడు శ్రావణమంతా ముసురు. ఊరూరా నారుమళ్లు కుళ్లిపోయాయి. రెండోసారి పోసినవీ కుళ్లాయి. పొడి మందు కలిపిన నీళ్లు మడుల మీద పోశారు. పోసిన మందు పోసినట్టు వానకి కొట్టుకుపోయింది. పున్నమ్మ ఆ వేసవిలో పది మళ్లు కట్టి, కాల్చి, వేపచెక్క కలిపి ఉంచింది. పదిలో ఎనిమిది నిలిచాయి. రెండు పోయాయి. ఆ రెండు ఎందుకు పోయాయో కూడా అడిగిన వాళ్లకి చెప్పేది: కట్టె చాలక సరిగ్గా కాల్చలేదు.

జనం వచ్చారు. మొదట పాలెం వాళ్లు, తర్వాత పక్క ఊళ్ల వాళ్లు, తర్వాత ఆమె సొంత ఊరి రైతులు. పున్నమ్మ అందరికీ ఒకటే షరతు పెట్టింది. నా నారు నాటిన చేలో ఆడమనిషి చెయ్యి మందులో మునగకూడదు. మందు కొట్టుకోవడం మీ ఇష్టం, కలిపేది మాత్రం కర్రతో, మీరే కలుపుకోవాలి. కొందరు సరేనన్నారు. కొందరు విసుక్కుని వెళ్లి, రెండు రోజులకి తిరిగొచ్చారు.

పేరయ్య రాలేదు. అద్దంకి సంత నుంచి నారు తెప్పించాడు. అది బండి దిగేసరికే సగం వాడిపోయింది, మిగతాది నాటిన వారానికి పోయింది. అదును దాటిపోతోంది.

ఒక మధ్యాహ్నం సుబ్బరావమ్మ కర్ర పొడుచుకుంటూ పాలెంలోకి వచ్చింది. ఆ వయసు దాకా ఆవిడ ఆ వీధిలో అడుగు పెట్టలేదు. పున్నమ్మ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుంది.

"మా వాడు రాడు. వాడి సంగతి నీకు తెలుసు. నేనొచ్చా. ఆరెకరాలకి నారు కావాలి," అంది.

"నా షరతు విన్నారా పెద్దమ్మగారూ?"

"విన్నా. వాడి చేత చేయించే పూచీ నాది." కర్ర పక్కన పెట్టి, "దాహంగా ఉందే. కాసిని మంచినీళ్లియ్యి," అంది.

దేవకుమారి చెంబుతో తెచ్చింది. ముసలామె పైనుంచి పోయించుకోకుండా చెంబు చేతికి తీసుకుని తాగింది. పాలెం వాళ్లు గుమ్మాల్లోంచి చూశారు. పున్నమ్మ మాత్రం మడిలో నారు పీకడానికి అప్పటికే వంగిపోయింది.

ఆరెకరాలకి చాలినంత లేదు. నాలుగెకరాలకి ఇచ్చింది. ఆ సీజన్‌లో పేరయ్య వెదురు గడకి అడ్డపట్టీ కొట్టించి, తనే డ్రమ్ము కలుపుకున్నాడు. నేను వెళ్లినప్పుడు తిట్టుకుంటూ కలుపుతున్నాడు. పున్నమ్మతో ఆయన ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. నాతోనూ చాలాకాలం మాట్లాడలేదు.

1986లో ఒంగోలులో రైతు సదస్సు పెట్టారు. అప్పటికి మా శాఖకి పున్నమ్మ పనికొచ్చే మనిషి అయింది. వేదిక మీద కూర్చోబెట్టారు. ఆమెకి చదువు రాదనుకుని, ఆమె మాటలుగా ఒక కాగితం రాయించి, చదవమని ఒక అనౌన్సరుకి ఇచ్చారు. అనౌన్సరు అందులో రెండు వాక్యాలు చదివాడు: శాఖ సలహాల ప్రకారం సాగుచేసి అధిక దిగుబడి సాధించాననీ, అధికారులకి కృతజ్ఞురాలిననీ.

పున్నమ్మ లేచి ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుంది. ఆసాంతం చదువుకుంది. మైకు దగ్గరికి వచ్చింది.

"ఇందులో రాసింది నేను చెప్పింది కాదండీ. మొదటేడు నాకు తక్కువే పండింది. మొదటి నారుమడి మొత్తం కుళ్లిపోయింది. అది రాయలేదే? సలహా నాకు ఎవరూ ఇవ్వలా. వద్దన్నారు. ఇక్కడే ఉన్నారు ఆ సారు, అడగండి."

సభలో అందరూ ఆ సారు ఎవరా అని చుట్టూ చూశారు. నేను మూడో వరసలో ఉన్నాను. లేచి నిలబడి, "నిజమే" అన్నాను. ఆమె అక్కణ్ణుంచి పావుగంట సేపు మడి ఎలా కట్టాలో, ఎలా కాల్చాలో, మజ్జిగ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పింది. ముందు వరసలోని పెద్దలు గడియారం చూసుకున్నారు. వెనక వరసల్లోని ఆడవాళ్లు కదల్లేదు.

ఆ తర్వాతి ఏడు కొత్త రోగం వచ్చింది. ఆకులు ముడుచుకుపోయి, మొక్క గిడసబారి, పూత నిలవని రోగం. బొబ్బర అన్నారు. ఏ మందుకీ లొంగలేదు. అప్పుడే నాకు పొన్నూరు బదిలీ అయింది. చెప్పి వెళ్దామని తాటిగుంటపాలెం వెళ్లాను. పున్నమ్మ చేలో ఉంది. గట్టు మీద నలుగురైదుగురు రైతులు నిలబడి, ఈ రోగానికి నీ దగ్గర ఏముంది, చెప్పమని అడుగుతున్నారు.

"ఏమీ లేదు," అంది పున్నమ్మ, తల ఎత్తకుండా. "నా దగ్గరుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. ముడుచుకున్న చెట్టు కనపడితే పీకి కాల్చెయ్యండి. ఆలస్యం చేస్తే మిగతాదీ పోద్ది."

"పూతకొచ్చిన చెట్టు పీకమంటావా?"

"నేను పీకట్లా?"

నిజంగానే పీకుతోంది. ఆమె వెనక గంప సగం నిండి ఉంది. దేవకుమారి రెండో వరసలో ఉంది. నేను బదిలీ సంగతి చెప్పాను. పున్నమ్మ నడుం నిలబెట్టి, నన్ను చూసి, మంచిదే సారూ, అక్కడ వరి, మిరపంత పేచీ ఉండదు అంది. ఇంకేదో చెప్పబోతున్నానని గమనించినట్టుంది.

"నుంచోనున్నారేం? ఆ మూడో వరస మీరు పట్టండి. పొద్దు వాలేలోగా అయిపోవాలి."

చెప్పులు గట్టు మీద విడిచి, చొక్కా చేతులు మడిచి, మూడో వరసలోకి దిగాను.